ఎదుటివాడి మాట మోసిన వకీలు

మా ఎల్లారెడ్డి వకీలుగారు పోయారు. ఆ మాట నాకు కామారెడ్డి స్టేషన్ బయట బస్సు డ్రైవరు చెప్పాడు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే ఆ బస్సు పొయ్యిలోకి బొగ్గు ఎగదోస్తూ, నావైపు తిరగకుండానే, "సావుకారీ, మీ వకీల్ సాబ్ తెల్లారంగ కాలం చేసిండు" అన్నాడు. నా చంకలో ఆ వారం పత్రిక ఉంది. రైలు పార్సిలు అక్కడే విప్పి, యుద్ధం వార్తలన్నీ నిలబడే చదివేశాను. వకీలుగారిని ఇరుకున పెట్టే సంగతి ఒకటి దొరికింది. ఈసారి ముసలాయన ఎట్లా తప్పించుకుంటాడో చూద్దామని లోపల్లోపల మురిసిపోతున్నాను. ఆ సంగతి ఇక చెప్పేదెవరికి? ఎల్లారెడ్డి చేరేదాకా మళ్ళీ పత్రిక మడత విప్పలేదు.

బట్టల తానులు కొలుచుకునేవాణ్ణి, నాకు రాతకోతలేమిటి? పైగా నేను ఆయన పక్షం వాణ్ణి కూడా కాను. అయినా రాయక తప్పడం లేదు. సర్కారు పక్షంవాళ్ళు ఆయన్ని ఉప్పు తిని ద్రోహం చేసినవాడన్నారు. సర్కారును నిలదీసే మా సంఘం పక్షంవాళ్ళు, పైకి ఎట్లా ఉన్నా లోపల మావాడేనన్నారు. రెండూ అబద్ధాలే. ఆయనే లేరు కనక ఇక ఆ రెండు అబద్ధాలూ ఊళ్ళో దర్జాగా ఏలుతాయి. అది నాకు సహించదు. నిజం రాయడానికి ఎవరి అనుమతి కావాలో వారు ఇచ్చారు. ఆ సంగతి చివర్న తెలుస్తుంది.

జుమ్మానాడు, అంటే శుక్రవారం, కచ్చేరీకీ బడికీ సెలవు. పొద్దున్నే మా దుకాణం వెనక గదిలో ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. ముందురోజు వచ్చిన పత్రికను నేను పైకి చదివేవాణ్ణి. ఇక చూడండి! జర్మనీవాడు ఎంతదాకా వచ్చాడు, పిల్లల పెళ్ళికి వయసు కట్టడి పెట్టవచ్చునా, సభ పెట్టుకోవడానికి సర్కారు అనుమతి, ఆ ఇజాజతు ఎందుకు, టాకీలకు ఆడవాళ్ళు పోవచ్చునా, ఒకటా రెండా. మేం సంఘం వాళ్ళం ఒక గోడకు, సర్కారు వాళ్ళు ఇంకో గోడకు ఆనుకొని కూర్చునేవాళ్ళం. ఆ రెండో గోడకు పెద్ద మా వకీలుగారే. రూమీ టోపీ తీసి మోకాలికి తొడిగి, నశ్యం పీల్చి, నేను చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకొని వినేవారు. సర్కారు మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, వానలు రాకపోయినా సర్కారును ఏమీ అననిచ్చేవారు కాదు.

కానీ ఆయన పెట్టిన కట్టు ఒకటి ఉంది. ఎవడైనా మొదట ఎదుటివాడి మాట చెప్పాలి. ఎదుటివాడు "ఔ, నా మాట గిదే" అని తల ఊపేదాకా చెప్పాలి. ఆ తరవాతే తన జవాబు. శాస్త్రాల్లో దీన్నే పూర్వపక్షమంటారని ఎవరో అన్నారు. ఆయన మాత్రం శాస్త్రాల జోలికి పోయేవారు కాదు. "కుండ కొట్టి చూసినంకనే కొంటం గద. మాటను గూడ కొట్టి సూడాలె. గని కొట్టెతందుకు ముందుగాల చేతుల వట్టుకోవాలె" అనేవారు.

నాకా ఓపిక ఎక్కడిది? మొదట్లో ఆయన మాటను రెండు ముక్కల్లో తేల్చేసి నా జవాబుకు ఎగబడేవాణ్ణి. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఆగు సావుకారీ. నా మాటకు కాళ్ళిరగ్గొట్టి పరుగువందెం వెడుతున్నవు. గది నా మాట కాదు. మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పేవాణ్ణి. మళ్ళీ కాదనేవారు. మూడోసారికి నాకు తిక్క రేగి, "అయితే మీరే చెప్పుకోండి!" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా.

ఆయన మాత్రం మా మాటను మాకంటే బాగా చెప్పేవారు. కామారెడ్డిలో డేరా వేసి టాకీ ఆడించిన రోజుల్లో జరిగిన తమాషా ఒకటి చెప్పాలి. వకీలుగారికి టాకీ అంటే ఒళ్ళుమంట, వీధి భాగవతమంటే ప్రాణం. అయినా ముందు టాకీ పక్షం ఎత్తుకున్నారు. ముసలవ్వలు ఊరు దాటకుండానే కాశీ గంగ చూడవచ్చునన్నారు, ఎక్కడో పాడిన పాట ఇక్కడి బీదవాడికి వినపడుతుందన్నారు. మా పక్క దుకాణం కంసాలాయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎటు వొయ్యేది?" అన్నారు వకీలుగారు.

"కామారెడ్డికి. టాకీ సూడ."

"కూసో నాయనా, నా మాట ఇంక మొదలే కాలే!"

సగం విని లేచినవాడు సగం దారిలోనే పడిపోతాడని ఆ రోజు ఆయన అన్నారు. మేం పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వుకున్నాం.

మా గోడకు ఆనుకునే వాళ్ళలో బడి పంతులు ఒకరు. వయసులో చిన్నవాడు, ఇంట్లో ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. పిల్లలకు చదువు ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పాలని ఆయన పట్టు. తెలుగు తప్ప తెలియని పసివాణ్ణి కూర్చోబెట్టి ఉర్దూలో లెక్కలు చెబుతుంటే వాడి మొహం చూడలేకపోతున్నానని నాతో చాటుగా అనేవాడు. కానీ సర్కారు నౌకరు. నలుగురిలో ఇట్లాంటి మాట అంటే నౌకరి ఊడుతుంది, జైలు దాకా కూడా పోవచ్చు. అందుకని మా గదిలో ఆయన నోరు విప్పేవాడు కాదు. ఆయన మాట కూడా వకీలుగారే చెప్పేవారు. చెప్పి, "గిదేనా పంతులూ?" అని అడిగేవారు. పంతులు తల ఊపేవాడు. అప్పుడు వకీలుగారు తన జవాబుతో ఆ మాటను చీల్చి చెండాడేవారు. పంతులుకు అదే పండగ. తన మాట నలుగురిలో వినబడ్డదని మొహం వెలిగిపోయేది.

రెండేళ్ళ కిందట ఒక జుమ్మానాడు, పత్రికలో ఈ బడిభాష సంగతే వచ్చింది. ఆ పొద్దు వకీలుగారు ఎత్తుకున్న తీరు నేను మరవలేను. తల్లి జోలపాడిన భాషను బడి గడపలో చెప్పుల్లాగా విడిచి రమ్మంటే పిల్లవాడు ఏం చేస్తాడన్నారు. అడగడానికి సభ పెట్టుకుందామంటే దానికీ ఇజాజతు కావాలె, ఇజాజతు రాదు, మరి ఎవరికి చెప్పుకోవాలన్నారు. పంతులు కళ్ళు తుడుచుకున్నాడు. పంచెల చాపు కొనడానికి వచ్చిన పరాయి ఊరాయన ఒకడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అంతలో బస్సు హారను మోగింది. అతను మూట చంకన పెట్టుకొని పరుగెత్తాడు. వకీలుగారు నశ్యం పీల్చి, "ఇగ నా జవాబు" అన్నారు. ఆ జవాబు వినడానికి అతను లేడు.

అతనిది పగ కాదు, చాడీ కాదు. కామారెడ్డి దాకా బస్సులో పక్కవాళ్ళకు మెచ్చుకుంటూ చెప్పాడట, ఎల్లారెడ్డి వకీలుకు ఎంత గుండె, సర్కారును ఎట్లా కడిగేశాడని. ఆ మెప్పే ఆ నోటా ఈ నోటా పడి పై కచ్చేరీకి చేరింది. తిట్టినవాళ్ళ వల్ల చెడినవాళ్ళను చూశాను. మెప్పుతో చెడిన మనిషిని ఈయన్నే చూశాను.

పిలుపు వచ్చిన రోజు నేను ఆయన వెంట పోయాను. నన్ను వరండాలో ఆపేశారు కానీ తలుపు తెరిచే ఉంది. లోపల మాటలు ఉర్దూలో జరిగాయి, నాకు అర్థమైనంత తెలుగులో చెబుతున్నాను.

"ఈ మాటలు మీరన్నారా?" అన్నాడు అధికారి.

"అన్నాను."

"మీరు మొదటినుంచీ సర్కారు మనిషి. ఈ మాటలు మీవి కావు. ఎవరివో చెప్పండి, చాయ్ తాగి ఇంటికి పొండి."

ఆ అధికారి ఆయన్ని కాపాడాలనే చూశాడు. నాకు తెలుసు. ఒక్క ముక్క చాలు, ఆయన గండం గడిచేది.

"హుజూర్, ముద్దాయి ఎదురుగానే ఉన్నాడు. ఇంకా ఎవరికోసం వెతుకుతారు?" అన్నారు వకీలుగారు.

ఆయన వకీలుగిరీ సనదు రద్దయింది. ఇక కచ్చేరీ మెట్లు ఎక్కరాదన్నారు. జుమ్మా కూటాలూ బందయ్యాయి. ఆ సాయంత్రం పంతులు ఆయన దగ్గరికి ఉరికి వచ్చి, నేనే పోయి ఒప్పుకుంటానని ఏడ్చాడు. వకీలుగారు కసిరారు.

"నువ్వు తల ఊపినవు గంతే. నోరిప్పింది నేను. నీ నౌకరి వోతె మీ అవ్వకు బువ్వెవరు వెడుతరు? ఇంటికి వో."

మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు, పంతులు ఊసు ఎక్కడా ఎత్తకూడదని. కొన్నాళ్ళకు పంతులును బిచ్కుందకు బదిలీ చేశారు, మామూలు బదిలీయే. వకీలుగారికి ఆ కష్టంలోనూ ఎకసెక్కమే. "ఆడ పోరగాండ్లు ఇంట్ల మరాఠీ అంటరు. ఇప్పుడు పంతులు ఏ భాషల చదువు చెప్పాలంటడో కనుక్కో సావుకారీ" అన్నారు.

మా సంఘం కుర్రాళ్ళు కామారెడ్డి నుంచి పూలదండ తెచ్చారు, త్యాగం చేశారని మెడలో వేయడానికి. ఆయన అరుగు మీదనే ఆపేశారు. "నేను మీ పార్టి కాదు. మీ మాట తప్పని నేనిప్పటికీ అంట. కూసుంటె ఎందుకు తప్పో చెప్త" అన్నారు. వాళ్ళు కూర్చోలేదు. దండ తీసుకొని వెళ్ళిపోయారు. సర్కారు గోడవాళ్ళు అప్పటికే ఆ వీధిలో నడవడం మానేశారు. అట్లా రెండు గోడలకూ కానివారైపోయారు.

నేను మాత్రం ప్రతి జుమ్మాకూ పత్రిక తీసుకొని ఆయన ఇంటికి పోయేవాణ్ణి. ఇద్దరమే. నేను చదువుతూ ఉంటే లోపల్నుంచి వకీలమ్మ గొంతు వినిపించేది.

"ఇంక సాలలేదా సదువుడు? ఆ నోరు అదుపుల వెట్టుకుంటె మన బతుకు గిట్లయితుండెనా? నీ నోరే కొంపకు నిప్పు వెట్టె!"

ఆమెను తప్పుపట్టను. పచ్చని సంసారం ఎండిపోయింది, ఎందుకు ఎండిందో ఆమెకు తెలియదు. ఆమె తిడుతుంటే వకీలుగారు నా వైపు చూసి పెదవులమీద వేలు పెట్టేవారు. ఒకసారి ఉండబట్టలేక, "ఆమెకన్నా చెప్పండి వకీల్ సాబ్. కట్టుకున్న మనిషి. మీ పరువు ఇంట్లోనన్నా మిగలాలి కదా" అన్నాను.

ఆయన మోకాలి మీది టోపీ ఒకసారి తిప్పి సరిగా తొడిగారు.

"చెప్తె తిట్టుడు ఆపుతది. ఆపితె, ఎందుకాపినవని సుట్టాలు అడుగుతరు. ఆమెకు అబద్ధమాడుడు రాదు సావుకారీ. ఆమె తిట్టినన్ని దినాలు పంతులు నౌకరి భద్రం" అన్నారు. ఆ వెంటనే, "ఊఁ, చదువు. యుద్ధం ఎందాక వచ్చె?" అన్నారు.

ఆ రోజు నేను ఏం చదివానో నాకే తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే ఒకటే బాధ. తాను నమ్మని మాటకు శిక్ష పడితే ఆ మాటనే పట్టుకొని వీరుడైపోవచ్చు, లోకంలో అట్లాంటివాళ్ళున్నారు. ఈయన ఆ సుఖం కూడా పడలేదు. మంచంపట్టినా మా సంఘం మాట తప్పనే అన్నారు. అంటూనే, ముందు మా మాటను చక్కగా చెప్పి, నేను తల ఊపేదాకా ఆగేవారు. దగ్గుతో సగంలో ఆగితే, నేనే తొందరపడి తల ఊపితే, "ఇంక కాలే" అనేవారు.

పాడె లేచిన రోజు వీధిలో పట్టుమని పదిమంది లేరు. దినాలనాడు మాత్రం రెండు గోడలవాళ్ళూ వచ్చారు. చావుకు భయం అడ్డమొస్తుంది కానీ అన్నానికి ఏది అడ్డం? నేను పళ్ళు కొరుక్కుంటూ వాకిట్లో నిలబడ్డాను. అప్పుడు వచ్చాడు పంతులు, బిచ్కుంద నుంచి, దుమ్ము కొట్టుకొని. ఎవరినీ పలకరించలేదు. వకీలమ్మ కూర్చున్న లోపలి గది గడప ముందుకు పోయి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా, నేను బడి పంతుల్ని. నౌకరికి రాజీనామ ఇచ్చి వచ్చిన. ఇగ నన్ను తీసేటందుకు ఏం లేదు. ఆనాడు వకీల్ సాబ్ అన్న మాటలు ఆయనవి కావు, నావి. నా పేరు చెప్పుంటె సనదు ఉంటుండె. చెప్పలే."

పంతులు నా వైపు తిరిగి, "రాయి సావుకారీ, నీ ఒట్టు తీరింది" అన్నాడు.

గదిలోంచి వకీలమ్మ మాట వచ్చింది. ఏడుపు కాదు, మామూలు గొంతే.

"బువ్వ ముందట గూసున్నప్పుడల్ల తిట్టిన పంతులూ. ఒక్కపూట ఇడ్సలే. ఊరందరికి జవాబు చెప్పెటోడు, నాకొక్క జవాబు చెప్పకపాయె."

పంతులు తల ఎత్తలేదు.

"ఎండల వడి వచ్చినట్టున్నడు. పంతులుకు ఇస్తారి ఎయ్యున్రి" అన్నది ఆమె లోపల్నుంచి.

విస్తరి వేశారు. రెండు గోడలవాళ్ళమూ ఆ ఒక్క బంతిలోనే కూర్చున్నాం, ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోకుండా. పంతులు అన్నం కలిపాడు. కలిపిన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. చారు వడ్డించేవాడు ఆయన ముందుకు వచ్చి, గంటె ముంచి పట్టుకొని, పోయాలో వద్దో తెలియక అట్లాగే నిలబడి ఉన్నాడు.