చల్లారిన వార్తల నిదానం గారు

పత్రికాఫీసులో అందరూ ఆయన్ని నిదానం గారనే పిలిచేవారు. వార్త పూర్తిగా చల్లారితే తప్ప ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టేవారు కాదు. మూడు నెలలకోసారి వచ్చే ఆ పత్రికకు ఆయనే సంపాదకుడు. వరద తగ్గి, బురద ఎండి, జనం గోడలకు సున్నాలు వేసుకుంటుంటే అప్పుడు గొడుగుతో దిగేవారు.

వెంట తిరిగే ఫోటోగ్రాఫరమ్మకు ఒళ్లు మండేది.

"మనం వెళ్లేసరికి ఫోటో తియ్యడానికి ఏం మిగులుతుందండీ?"

"మనుషులు మిగులుతారమ్మా."

నూలు మిల్లు తగలబడి పదకొండు మంది పోయిన ఏడాదికి వాళ్లు ఆ మంటల్లోనే పోయిన మిల్లు కాపలాదారు ఇంటికి వెళ్లారు. వెనక తలుపుకు తాళం వేసి పారిపోబోయి చచ్చాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అతని భార్య గుమ్మంలోనే నిలదీసింది.

"ఆ రోజు నలభై మంది విలేకరులు వచ్చారు. మీరెక్కడున్నారు?"

"బయల్దేరుతున్నానమ్మా," అన్నారాయన తల వంచుకుని.

నవ్వాలో తిట్టాలో తెలియక ఆవిడ కుర్చీ వేసింది. ఆయన ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. మంచినీళ్లు తాగి వచ్చేశారు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

"అడిగితే నోటి ముత్యాలు రాలతాయా?" అంది ఫోటోగ్రాఫరమ్మ దారిలో.

"అడిగితే చెప్పేస్తుంది. మనం వెళ్లిపోతాం. తర్వాత ఆవిడ ఒక్కతే కూర్చోవాలి."

నాలుగోసారి ఆవిడే ఆస్పత్రి వాళ్లిచ్చిన మూట విప్పింది. అందులో మాడిన చొక్కా, బెల్టు ఉన్నాయి. "తాళంచెవి ఎప్పుడూ ఈ బెల్టుకే ఉండేది. ఇందులో లేదు. ఏమైందని ఎవరూ అడగలేదు."

నిదానం గారు రెండు నెలలు తిరిగారు. మిల్లు శిథిలాలు పోసిన చోట ఆ తలుపు దొరికింది. తాళం తెరిచే ఉంది, చెవి దానిలోనే ఉంది. ఆ తలుపులోంచి బయటపడ్డ ఆరుగురు ఆడవాళ్లు, పని పోతుందన్న భయంతో దాచిన మాట చెప్పారు: తలుపు తీసింది అతనే. మిగతావాళ్ల కోసం మళ్లీ లోపలికెళ్లింది కూడా అతనే. పత్రిక అదంతా అచ్చేసింది. అతను మాత్రం తిరిగి రాలేదు.

ఆ సంచిక ఇవ్వడానికి ఫోటోగ్రాఫరమ్మ వెళ్లేసరికి నిదానం గారు అప్పటికే వసారాలో ఉన్నారు. ఎదురుగా కాపలాదారు తండ్రి, మధ్యన చదరంగం బల్ల. కొడుకు పోయాక పావులు ముట్టని ఆ పెద్దాయనతో ఈయన ప్రతి ఆదివారం వచ్చి ఆడుతున్నారట.

"రాయడం అయిపోయిందిగా, ఇంకా ఎందుకండీ?"

ఆయన గుర్రాన్ని ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టారు. "ఆట అవలేదమ్మా."

"ఇదొక్క ఆటకే మూడో ఆదివారం, తల్లీ!" అన్నాడు పెద్దాయన, సంబరంగా విసుక్కుంటూ. "ఈయన కదలడు, నన్ను చావనివ్వడు!"