మా అన్న కుడి మోకాలు

మా అన్న పోయి ఏడాది కావస్తోంది. గుండె ఆగిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా బాస్కెట్‌బాల్‌లో అతను వేసిన బాస్కెట్ల గురించి చెప్పారు. నేను చూసిన ఆటలు తక్కువ. అన్న ఎప్పుడూ మా కొత్వాల్‌గూడకు దూరంగానే ఆడాడు. ఒక సీజన్ కేరళలో, ఒకటి పంజాబ్‌లో, మధ్యలో ఎవరికైనా మనిషి తక్కువైతే గెస్ట్ ప్లేయర్‌గా కొన్నాళ్ళు ఎక్కడో. పేపర్లో పేరు వచ్చే ఆటగాడు కాదు. జట్టులో ఒకరి కాలు బెణికితే ఆ ఖాళీలోకి పిలిచే ఆటగాడు. ఫోన్ రాగానే బ్యాగు సర్దుకునేవాడు. సీజన్ అయ్యాక ఆ జట్టు జెర్సీ తెచ్చి అమ్మకు ఇచ్చేవాడు. అమ్మ దాన్ని కొన్నాళ్ళు బీరువాలో దాచి, తర్వాత పొయ్యి గట్టు తుడవడానికి తీసేది.

"గీ బట్ట నీళ్ళు పీలుస్తలేదు బిడ్డా. జర మంచి జట్టుల చేరు" అనేది. అన్న పడీ పడీ నవ్వేవాడు.

నాకు చెప్పాలని ఉన్నది ఆట గురించి కాదు, ఒక సాయంత్రం గురించి.

అప్పటికి అన్నకు ముప్పై నాలుగు దాటాయి. ముందు ఏడాది ఎవరూ పిలవలేదు. కుడి మోకాలిలో నీరు చేరేది. దవాఖానకు పోయి సూదితో తీయించుకుంటే కొన్ని వారాలు బాగుండేది, మళ్ళీ ఉబ్బేది. అమ్మకు చెప్పలేదు. కోర్టు మీద పరుగెత్తగలడు, మెట్లు ఎక్కగలడు. దిగడమే కష్టం. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. అప్పుడది వణికేది.

ఆ చలికాలంలో ఒక జట్టు మేనేజర్ ఫోన్ చేశాడు. కోస్తా వైపు మనిషి, ఒకప్పుడు తనూ ఆడినవాడే. పనిమీద హైదరాబాద్ వచ్చాను, సాయంత్రం విమానానికి ముందు ఎయిర్‌పోర్టులో కలుద్దాం అన్నాడు. ఆయన తీసుకోకపోతే ఇక పిలిచేవాళ్ళు లేరు. అది అన్నకు తెలుసు, నాకూ తెలుసు.

ఫోన్ పెట్టేశాక అన్న నాకు ఒక సంగతి చెప్పాడు. వయసు మీద పడిన ఆటగాణ్ణి మేనేజర్లు దెబ్బల గురించి అడగరట. అడిగితే అందరూ బాగుందనే అంటారు. అందుకని మాటల్లో పెట్టి మెట్లు దింపుతారట.

"గందుకే డిపార్చర్ గేటు కాడ కలుస్తమన్న. అంతా సాపు నేల. ఆడనే కలుస్తం, ఆడనే దండం పెడ్తం. మెట్ల ముచ్చటే రాదు."

"వస్తె?"

"రాదంటున్నగా. నువ్వు పరేషాన్ గాకు, నన్ను పరేషాన్ చెయ్యకు."

నా స్కూటీ మీదే బయలుదేరాం. వెనక కూర్చుని కుడి కాలు బయటికి నిటారుగా చాపాడు.

"అన్నా, కాలు లోపలికి పెట్టు. లారీవోడు గుద్దుకపోతడు."

"మడిస్తె పట్టేస్తది చెల్లె. మళ్ళ సాపయ్యేసరికి టైం పడ్తది. నువ్వు నడుపు."

శంషాబాద్ సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. "ఏందక్కా, జిరాఫీని యాడికి తీస్కపోతున్నవ్?"

"ఎయిర్‌పోర్టుకే. విమానంల పట్టనంటె మల్ల ఎనకకు తెస్తది" అన్నాడు అన్న. ఆటోలో ఉన్నవాళ్ళు నవ్వారు. నా భుజం మీదున్న అతని చెయ్యి మాత్రం చెమటతో తడిగా ఉంది.

బండి పార్కింగ్‌లో పెట్టి లిఫ్టులో పైకి వెళ్ళాం. చెప్పిన సమయానికి ఇంకా చాలా ఉంది. అన్న గేట్ల ముందు అటూ ఇటూ నడుస్తూ మోకాలిని వదులు చేసుకున్నాడు. కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కనిపిస్తుంది.

మేనేజర్ చిన్న సూట్‌కేసుతో కారు దిగాడు. అన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బరువెంత, ప్రాక్టీసు ఎక్కడ, పెళ్ళి సంగతి ఏమైంది అని అడిగాడు. కళ్ళు అన్న ముఖం మీదే ఉన్నాయి, ఒక్కసారీ కిందికి పోలేదు. అన్న భుజాలు మెల్లగా సడలడం చూశాను. గండం గడిచింది అనుకున్నాను.

"నాకింకా టైముంది. కిందకెళ్ళి టీ తాగుదాం రండి" అన్నాడు మేనేజర్.

"లిఫ్టు ఇటుంది సార్" అన్నాను. మరీ తొందరగా అన్నాను.

"లిఫ్టెందుకమ్మా? ఇవిగో, మెట్లే దగ్గర."

ఆయన సూట్‌కేసు ఎత్తుకుని ముందు నడిచాడు. మెట్ల దగ్గర అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా చెల్లెకు చిన్నప్పటి సంది మెట్లంటె భయం సార్. పట్టుకోకుంటె దిగదు."

నేను అన్న ఛాతీ దాకా వచ్చేదాన్ని. మొదటి మెట్టు మీదే బరువు తెలిసింది. రెండో చేత్తో రెయిలింగ్ పట్టుకుని, భుజం కుంగకుండా బిగబట్టాను. కుడి కాలు వంగిన ప్రతిసారీ అతని వేళ్ళు నా ఎముకలోకి దిగేవి. పైకి మాత్రం పంజాబ్ చలి గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. మేనేజర్ ఊ కొడుతూ దిగుతున్నాడు. సగం దిగాక ఆగి, వెనక్కి తిరిగాడు.

"అమ్మా, మీరు కాస్త పక్కకు రండి."

గొంతులో కోపం లేదు. నేను కదల్లేదు. అన్న వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. మా పక్క నుంచి ఒక కుటుంబం సామాన్లతో దిగిపోయింది. వాళ్ళు వెళ్ళేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం. తర్వాత అన్నే నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

రెయిలింగ్ నా వైపు ఉంది. అన్న దాన్ని పట్టుకోలేదు. ఎడమ కాలు, కుడి కాలు, మామూలు మనిషి దిగినట్టే దిగాడు. ముఖం మీద నవ్వు పోలేదు. నేను వెనక నుంచి ప్యాంటు లోపల అతని పిక్క వణకడం చూస్తున్నాను. చివరి మెట్టు దిగి నిలబడ్డప్పుడు నేను ఊపిరి తీసుకున్నాను.

"కుడిదా?" అన్నాడు మేనేజర్.

"కుడిదే సార్" అన్నాడు అన్న.

"నీరు తీయించారా?"

"తీపిచ్చిన. మ్యాచ్‌కు ఒక క్వార్టర్ ఆడుతా సార్. మంచిగుంటె ఇంకో సగం."

"మీ ఆట నాకు తెలుసండి. మీ చేతిలో బంతి పోదు. కానీ మీ చోటుకి నా దగ్గర ఇంకొకరు లేరు. సీజన్ మధ్యలో మీరు కూర్చుండిపోతే నేనెవర్ని తేను?"

"ఒక్క నెల చూడుర్రి సార్. నడవకుంటె నేనే వాపస్ వస్త."

"వద్దండి. ఈ కాలు మీకింకా చాలా ఏళ్ళు కావాలి."

టీ ఆయనే ఇప్పించాడు. ముగ్గురం నిలబడే తాగాం. ఆయన తన పాత కోచ్ గురించి ఏదో చెప్పాడు, అన్న మర్యాదగా విన్నాడు. విమానం టైమవుతోందని చెప్పి, ఆయన పైకి లిఫ్టులోనే వెళ్ళాడు.

అన్న ఖాళీ కప్పు చెత్తబుట్టలో వేసి నడవడం మొదలుపెట్టాడు. కుంటుతున్నాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు కుంటేవాడు గానీ, గడప దాటితే ఎంత నొప్పి ఉన్నా నిటారుగానే నడిచేవాడు. ఎవరో ఒకరు చూస్తారు, ఏ జట్టు చెవిలోనో పడుతుంది అని. ట్రాలీలు తోసుకుపోతున్న జనం అతని ఎత్తు చూసి, తర్వాత కాలు చూసి, తప్పుకుంటున్నారు.

"అన్నా, జర ఆగుదమా? బండి నేను ఈడికే తెస్త" అన్నాను.

"ఎందుకు? ఇగ ఎవడు చూస్తె ఏంది? పా."

పార్కింగ్ దాకా అలాగే వచ్చాడు. ప్రతి అడుగుకూ ఒక పక్కకు ఒరుగుతూ, దాచుకోకుండా. అతనితో సమంగా నడవడానికి నేను చాలా మెల్లగా నడవాల్సి వచ్చింది.