కట్లపాము కరిచిన గురువమ్మ

1998, వానాకాలం. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. ఒక ఉదయం కళుగుమలై వైపు పల్లె నుంచి గురువమ్మ అనే ముప్పై ఏళ్ల రైతు ఇల్లాలిని వ్యానులో తెచ్చారు. నేలమీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచిందట. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయట. చాప కింద కట్లపాము కనబడింది. దాని కాటుకు వాపు రాదు, నొప్పి కూడా పెద్దగా తెలియదు.

విషానికి విరుగుడైన యాంటీవీనమ్ ఎక్కిస్తుండగానే ఆమె ఊపిరి ఆగింది. డాక్టరమ్మ గొంతులోకి ట్యూబు వేసింది. దానికి ఆంబూ బ్యాగు తగిలించి నేను నొక్కసాగాను. చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే రబ్బరు సంచి అది. టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. గిల్లినా చలనం లేదు.

మా ఇంట్లోనూ తెలుగేనని తెలిసి ఆమె భర్త రామసామి నా దగ్గరికొచ్చాడు.

"సిస్టరమ్మా, వుసురు పొయినాక ఊర్లోకి తీసుకోని పోరాదు. ఇప్పుడే ఇడిసిపెట్టండి. బిడ్డలు మొగమన్నా చూస్తారు."

నా రెండో చెయ్యి ఆమె మెడ దగ్గర నాడిమీద ఉంది. ఆ మాటకు నాడి ఒక్కసారిగా వేగం పుంజుకుంది. నా భ్రమేమో తెలియదు, డాక్టరమ్మకు చెప్పాను.

"విషం నరానికీ కండకీ మధ్య దారి మూసేసింది. మెదడు మేలుకునే ఉండొచ్చు. ఆ సంగతి మనకు తెలపడానికి ఒక్క కండా కదలదు," అందామె తమిళంలో. "మదురైలో వెంటిలేటర్ ఉంది. అక్కడిదాకా చేత్తోనే ఊపిరి అందించాలి."

రామసామి కదల్లేదు.

"అన్నా, గుండె కొట్టుకుంటా ఉండాది. ఇడిసిపెట్టేదానికి నాకు చెయ్యి రాదు. బండెక్కండి," అన్నాను.

విరుదునగర్ దగ్గర రైలు గేటు పడింది. నా వేళ్లు కొంకర్లు పోయి సంచి జారింది. గురువమ్మ పెదవులు నీలం తిరుగుతున్నాయి. రామసామి సంచి అందుకున్నాడు.

"ఎట్ల నొక్కేది? చెప్పమ్మా!"

"నొక్కు... ఇడువు. రొమ్ము లేస్తుందా చూడు."

గేటు లేచినా అతను సంచి నాకివ్వలేదు. "పోవద్దే, గురువమ్మా" అని ఏడుస్తూ మదురై దాకా నొక్కాడు.

కొన్ని వారాలకు ఆమె తన కాళ్లమీద నడిచి మా నర్సింగ్‌హోమ్‌కు వచ్చింది.

"అంతా వింటానే ఉంటి, అక్కా. ఈయన ఇడిసిపెట్టమనింది విని, 'నేను ఉండా' అని లోపల్నే అరిస్తి. నోరు రాలేదు."

రామసామి తల వంచుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "బయపడినావు, అంతే. బండిలో ఏడ్చిందీ విన్నా."

అప్పటి నుంచి, స్పృహ లేదనుకున్న మనిషిని ముట్టుకునే ముందు నా పేరు చెబుతాను, ఏం చేయబోతున్నానో చెబుతాను. చావు మాట ఎత్తిన బంధువులను గది బయటికి పంపుతాను. "వీళ్లకేం వినబడుతుంది?" అని నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లనూ బయటికే పంపాను.