అచ్చులో ముందే పడిన డిగ్రీ

మా దివిసీమ క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోతే జ్ఞాపకార్థ కూడికకి కార్డు వేయించాల్సిందే. పైన ఫోటో, మధ్యలో వాక్యం, అడుగున ఆహ్వానించే బంధువుల పేర్లు, పేర్ల పక్కన డిగ్రీలు. డిగ్రీ లేని పేరు ఉప్పులేని కూరలా ఉంటుందని మావాళ్ళ నమ్మకం. ఏం చేస్తాం, ఎవరి పిచ్చి వాళ్ళకానందం!

సుచిత్ర నాయనమ్మ రూతమ్మది కాస్త ముదిరిన పిచ్చి. బందరు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. మనుమరాలు తెల్లబట్టలేసుకుని అవే వార్డుల్లో తిరగాలని ఆవిడ కోరిక. సుచిత్రకీ అదే కావాలి. తీరా ఆ ఆసుపత్రి నర్సింగ్ కాలేజీ ప్రవేశ పరీక్ష శనివారం అనగా, శుక్రవారం సాయంత్రం నాయనమ్మ కన్నుమూసింది. పరీక్ష మొదలయ్యే వేళకి సుచిత్ర సమాధి దగ్గర నిలబడి ఏడుస్తోంది.

కాలేజీకి ఫోన్ చేస్తే, వచ్చే శుక్రవారంలోగా ఋజువు తెస్తే ప్రిన్సిపాల్ గారు ఆలోచిస్తారన్నారు. మరణ ధ్రువపత్రం రావడానికి ఇంకో పది రోజులు పడుతుందట.

"కార్డు పట్టుకెళ్ళమ్మా. ఫోటో, తేదీ అన్నీ ఉన్నాయిగా," అన్నాడు బాబాయి హనోకు, చల్లపల్లిలో అచ్చువేయించిన కట్ట విప్పుతూ.

బందరు బస్సులో కిటికీ సీటు దొరికాక సుచిత్ర తీరిగ్గా కార్డు చదివింది. అడుగుకి వచ్చేసరికి గతుక్కుమంది. "హనోకు, బి.ఏ., బి.ఎడ్." కింద, "మనుమరాలు సుచిత్ర, బి.ఎస్సీ. నర్సింగ్" అని ఉంది.

"ఇదేంటి బాబాయ్?" అని ఫోన్లో బస్సంతా వినేలా అరిచింది.

"మా అమ్మే రాయించిందమ్మా. మంచంలో ఉండి పాటలు, వాక్యం, పేర్లు అన్నీ తనే చెప్పింది. ఇంకా చేరనేలేదు కదే అంటే, 'అవుతుందిలేరా, నువ్వు వేయించు' అంది. పోయిన మనిషి మాట కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు."

ఇంకేముంది! సీటు కోసం వెళ్తూ డిగ్రీ ఉన్న కార్డు చూపిస్తే ఎవరు నమ్ముతారు? చావు కూడా కట్టుకథే అంటారు. గోటితో గీకి చూసింది. ఖరీదైన కాగితం, అక్షరం చెక్కుచెదరలేదు.

ప్రిన్సిపాల్ జానకి గారు కళ్ళజోడు సర్దుకుని ఫోటో దగ్గర్నుంచి ప్రెస్సు పేరు దాకా చదివారు.

"ఏమ్మా, డిగ్రీ అయిపోయినట్టుందే! ఇంక మాతో ఏం పని?"

అబద్ధమాడే తెలివి సుచిత్రకి ఏనాడూ లేదు. "మా నాయనమ్మ బతికుండగానే రాయించేసిందండీ. మీ ఆసుపత్రిలోనే ఆయాగా చేసిందండీ. నేను ఎలాగూ నర్సునవుతానని..." అంటుండగానే ఏడుపొచ్చేసింది.

జానకి గారు నవ్వు ఆపుకుందామని చూశారు గానీ, ఆగితేనా! కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

"అబ్బ, ఎంత ధీమా తల్లీ ఆవిడకి! ఏడవకు. సోమవారం పదింటికి రా, పరీక్ష పెడతాను. కార్డు ఫైల్లో ఉంటుంది. మార్కులు రాకపోతే మాత్రం మీ నాయనమ్మ రాయించినా సీటు ఇవ్వను, తెలిసిందా?"

"తెలిసిందండీ!"

సోమవారం రాసింది. గురువారం నోటీసు బోర్డు మీద పైనుంచి మూడో పేరు తనదే. ఆ పిల్ల సంతోషం చూడాలి! తెలియనివాళ్ళకి కూడా బందరు లడ్డూ పంచిపెట్టి, అప్పుడు గుర్తొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

బాబాయి ఫోన్లోనే దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఆ వెంటనే, "కూడికకి పంచగా ఇంకా నలభై కార్డులు మిగిలాయమ్మా. ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"నాలుగేళ్ళు దాచు బాబాయ్. అప్పుడు పంచుదాం. ఒక్క తప్పు కూడా ఉండదు."