మూడు కండ్లది, కొమ్ములోడు

ముందే ఒప్పేసుకుంటాను. వేల వింత జంతువుల బతుకులు తారుమారు చేసినదాన్ని నేనే. చంద్రిక కాదు. ఎవరైనా చంద్రిక అంటే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.

నా పేరు మహతి. మెదక్ బస్టాండు దగ్గర నాకో ఆన్‌లైన్ సెంటర్ ఉంది. కులం సర్టిఫికెట్లు, పింఛన్లు, హాల్ టికెట్లు, జిరాక్సులు. చంద్రిక ఆరేళ్లుగా నా దగ్గర దరఖాస్తులు నింపుతోంది. పుట్టిల్లు కౌడిపల్లి. భర్త మల్లేశ్ చేగుంట రోడ్డు మీద ఆటో నడుపుతాడు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గానీ, దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా వదలదు. మీసాలు మెలేసిన పెద్దమనుషులను కూడా గుమ్మం దాటాక వెనక్కి పిలుస్తుంది.

"లింగం కాడ టిక్కు పెట్టలేదు సార్, జర పెట్టుండ్రి."

"నీకు కనబడ్తలేదా బిడ్డా?"

"నాకు కనబడితే నడ్వది సార్. మీరే చెప్పాలె."

నేను కౌంటర్ కింద తల దాచుకుని నవ్వుకునేదాన్ని.

రెండేళ్ల కిందట, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆమె నాకో సైటు చూపించింది. దేశదేశాల్లో బొమ్మలు వేసేవాళ్లు తాము ఊహించిన జంతువులను అందులో పెడతారు. రెక్కల మొసళ్లు, మూడు కళ్ల కప్పలు, నడిచే చేపలు. వెతికేవాళ్లకు దొరకాలంటే ప్రతి బొమ్మకూ ఒక లేబుల్ ఉండాలి. ఆడ, మగ, రెండూ, తెలియదు. ఈ నాలుగింటిలో ఒకటి. బొమ్మలో కనిపించాలి, లేదా వేసినవాళ్లు చెప్పి ఉండాలి. పైసా జీతం లేదు. కానీ లేబుల్ పెట్టినవాళ్ల పేరు బొమ్మ కింద పడుతుంది.

"ఇగో అక్కా! చంద్రిక, మెదక్! నా పేరు!" అని కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఆరేళ్లు ఊరందరి పేర్లూ రాసిన మనిషి! తన పేరు ఒకచోట అచ్చులో చూసుకుని ఏడ్చినంత పని చేసింది. ఏం జరిగిందో సరిగ్గా అర్థం కాకుండానే నేనూ లేచి గంతేశాను.

అప్పటినుంచి ఇద్దరం పని పంచుకున్నాం. ఆమె ఇంట్లో ఫోన్లో బొమ్మలు చూసి, నంబరు వేసి, నోటుబుక్కులో గుర్తు రాసుకొస్తుంది. "మూడు కండ్లది", "కొమ్ములోడు", "రెక్కలది - ఆడ" ఇలా. నా చేతి వేగం మెదక్‌లో ఎవరికీ లేదు కనుక, సెంటర్లో కూర్చుని ఆమె పేరు మీదే నేను టకటకా లేబుల్ కొట్టేస్తాను. బొమ్మ చూసే తీరిక నాకెక్కడిది? నోటుబుక్కు చూడటం, కొట్టడం. రెండేళ్లలో ఆరు నోటుబుక్కులు, పదకొండు వేల బొమ్మలు. వింత జంతువుల విభాగానికి ఒక బాధ్యురాలు కావాలని సైటువాళ్లు ప్రకటిస్తే చంద్రిక పేరు పంపాను. పోటీలో అందరికన్నా ముందుంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది మెయిలు. వాళ్లకు తెలుగు రాదు, ఏదో యంత్రం తర్జుమా చేసి పంపుతుంది. మీ లేబుళ్లలో ఆడవి నమ్మలేనంత ఎక్కువగా ఉన్నాయి, బొమ్మలు చూడకుండా పెట్టినట్టున్నారు, పది రోజుల్లో సరిచేయండి, ఆ తర్వాత వంద బొమ్మలు తీసి పరీక్షిస్తాం, తొంభై అయిదు సరిపోకపోతే పదకొండు వేలూ, వాటి కింద మీ పేరూ తీసేస్తాం. ఇదీ సారాంశం.

చంద్రిక ముఖం చూడలేకపోయాను. "చూడకుంట పెట్టిన్నా అక్కా? నేనా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "వీళ్ల మొహం! వీళ్లకేం తెలుసే?" అని అరిచాను. ఆమె వినలేదు. నోటుబుక్కు ముందుపెట్టుకుని ఒక్కొక్కటీ సైటుతో సరిచూడటం మొదలుపెట్టింది. చూసి చూసి నా వైపు తిరిగింది.

"అక్కా, ఈ మూడు కండ్లదానికి ఆడ అని ఎందుకు కొట్టినవ్?"

"నువ్వే రాశావు కదే, మూడు కండ్లది అని. మగదైతే మూడు కండ్లోడు అని రాసేదానివి."

"ఆడదైతే పక్కన ఆడ అని రాస్త గద! ఉత్తగ ‘ది’ అంటే నాకు తెల్వదని!"

"తెలియదంటే తెలియదని రాయాలి, ‘ది’ ఏమిటి నా తలకాయ!"

లొల్లి రోడ్డు దాకా వినిపించింది. పింఛను కాగితాలు పట్టుకుని చంద్రిక అత్త కిష్టవ్వ అప్పుడే లోపలికొచ్చింది. అల్లాదుర్గ్ దిక్కు ఇరవై ఏళ్లు గొర్లు, మేకలు కాసిన మనిషి. ఇద్దరి మాటా విని బెంచీ మీద కూర్చుంది.

"బిడ్డా మహతీ, లారీ వచ్చింది అంటం గద. లారీ ఆడదా?"

"లారీ ఆడదేమిటి?" అన్నాను.

"పొట్టేలు గూడ వస్తది, గొర్రె గూడ వస్తది. మన మాటల మొగోడొక్కడే వస్తడు. మిగిలినదేదైన వస్తది. ‘ది’ వట్టుకొని ఆడదెట్లంటవ్?"

ఓరి దేవుడా! పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాష, ఒక్కరోజైనా ఆలోచించానా? తల కొట్టేసినట్టయింది. చంద్రిక పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే కిష్టవ్వ చంద్రిక ఫోన్లో ‘కొమ్ములోడి’ బొమ్మ చూసి కోడలి వైపు తిరిగింది.

"దీన్ని మొగోడంటివి, ఎందుకు?"

"కొమ్ములున్నయి గద అత్తమ్మా."

"ఆడ మేకకు ఉండయా కొమ్ములు? కింద చూడకుంట నేను ఎన్నడన్న పోతు అన్ననా?"

ఈసారి నవ్వడం నా వంతు. నేనేమైనా తక్కువ తిన్నానా, కడుపు పట్టుకుని నవ్వాను.

ఇక చూడాలి మా హడావిడి! ఉత్త ‘ది’ ఉన్నవన్నీ, కొమ్ములోళ్లందరూ మళ్లీ బొమ్మ తెరిచి చూడాల్సిందే. సెంటర్ గుమ్మానికి "మధ్యాహ్నం జిరాక్స్ లేదు" అని అట్ట కట్టాను. చంద్రిక బొమ్మ చూసి పైకి చెబుతుంది. ఈసారి నేను కూడా బొమ్మ చూశాకే కొడతాను. అనుమానమొస్తే కిష్టవ్వ. మల్లేశ్ ఆటో ఆపి చాయ్ తెచ్చి, తిరిగి వెళ్లకుండా మా వెనక నిలబడి "అబ్బ, మస్తుంది!" అంటూ మొసళ్లను చూసేవాడు. రోజుకు వెయ్యి దాటుతుంటే మాకు ఆకలి కూడా గుర్తు రాలేదు.

చిట్టచివరి బొమ్మ దగ్గర చంద్రిక ఆగిపోయింది. వీపు మీద గుడ్లు మోస్తున్న ఏదో ప్రాణి.

"గుడ్లున్నాయి, ఆడదే కదా?" అన్నాను, కొట్టబోతూ.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మోస్తుంది అక్కా. పెట్టినట్టు ఏడుంది?" దరఖాస్తులో గడి ఖాళీ వదలని మనిషికి ‘తెలియదు’ అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కొద్దిసేపు చూసి, "తెల్వదు అని కొట్టు," అంది.

పదకొండో రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. చంద్రికే తెరిచి పైకి చదివింది.

"అభినందనలు. వందకు తొంభై ఏడు సరిపోయాయి. గుడ్లు మోసే ప్రాణి ఆడో మగో తానూ అనుకోలేదని చిత్రకారుడు చెప్పారు. మా పరీక్షకులు కూడా ‘ఆడ’ అన్నారు, ‘తెలియదు’ అన్నది మీరొక్కరే. చంద్రిక చాలా శ్రద్ధ గలవాడు. ఇక నుంచి ఈ విభాగాన్ని అతను చూసుకుంటాడు."

నేను అరిచిన అరుపుకు పక్క మెడికల్ షాపువాళ్లు పరుగెత్తుకొచ్చారు. మల్లేశ్ ఈల వేశాడు. నేను చంద్రికను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. కిష్టవ్వకు మాత్రం సగమే అర్థమైంది.

"ఏమన్నడు బిడ్డా?"

"నౌకరిచ్చిండు అత్తమ్మా. ఇచ్చి నన్ను మొగోన్ని జేసిండు!"

"చూడకుంట రాసిండు," అంది కిష్టవ్వ.

నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని చంద్రిక కుర్చీ ముందుకు లాక్కుంది. బాధ్యురాలిగా ఆమె చేసిన మొదటి పని నేను పక్కనే నిలబడి చూశాను. సైటులో ‘తప్పు లేబుల్’ అనే మీట నొక్కింది. వివరాల గడిలో, నా సాయం తీసుకోకుండా, ఒక్కో అక్షరమే కొట్టింది.

"చంద్రిక, మెదక్. ఆడ. నేనే చెప్తున్న."