అడ్డు తొలగితే కదులు

ఆసుపత్రిలో అందరూ ఆమెను పెద్దాయా అంటారు. వార్డులో ఉన్న ఆయాలందరికంటే ముందు చేరింది కాబట్టి ఆ పేరు వచ్చింది గానీ, అంతకుమించి పెద్దరికమేమీ లేదు. ఉతికిన దుప్పట్లు పై అంతస్తులకు మోసుకెళ్ళాలి, మాసినవి కిందికి దించాలి, మధ్యలో ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి పరుగెత్తాలి. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఏ వారమైనా ఆవిడకు కంటినిండా నిద్ర మాత్రం లేదు.

భర్త పోయాడు. అత్తగారు మంచం పట్టింది. ముసలామెను కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా! అందుకని కాలేజీకి వెళ్తున్న కూతురిని, "కొన్నాళ్ళు ఆగవే తల్లీ" అంది. కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి.

అలాంటి సమయంలో దుప్పట్లు మోసే రోబో ఒకటి వార్డులోకి దిగింది. కింద చక్రాలు, పైన అరలు, నెత్తిన చిన్న తెర. ఆయాలు దానికి మొద్దబ్బాయి అని పేరు పెట్టేశారు. దాన్ని నడపడం నేర్చుకున్నవాళ్ళకు ఇకమీదట ఎప్పుడూ పొద్దుటి డ్యూటీయే అని హెడ్ సిస్టర్ చెప్పింది. అంటే మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరొచ్చు. అత్తగారిని తను చూసుకోవచ్చు, పిల్ల సాయంత్రం కాలేజీలో చేరొచ్చు. పెద్దాయా అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఈ వయసులో నీకెందుకమ్మా అని తోటి ఆయాలు నవ్వారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళకేం పోయింది!

నేర్పడానికి వచ్చిన అమ్మాయి చాలా ఓపిక గలది. తెర మీద ముందుకు, కుడికి, ఎడమకు, ఆగు లాంటి మాటలుంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చాలి. రోబో పైనుంచి కిందికి చదువుకుంటూ ఒక్కొక్కటే చేస్తుంది.

"కొంచెం ముందుకెళ్ళి పక్కకి తిరగమను తల్లీ" అంది పెద్దాయా.

"కొంచెం అంటే దానికి తెలీదాంటీ. ఎంత దూరమో చెప్పాలి. ఏ పక్కకో కూడా చెప్పాలి."

"దీని దుంపతెగ! ఇంత చెప్పేకంటే నేనే మోసుకుపోతే పని అయిపోతుంది కదా!"

అయినా దూరమూ పక్కా చెప్పింది. రోబోకు ఎదురుగా నిలబడి, తన కుడిచెయ్యి చూసుకుని కుడికి అని పెట్టింది. అది తన కుడికి తిరిగి వెళ్ళి బాత్రూం తలుపును గుద్దింది. ఆయాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దాయాకు నవ్వే ఓపిక కూడా లేదు. గోడకు చేరగిలబడి, దాని కుడి ఏ వైపో మనసులో అనుకుంటూ మళ్ళీ మొదటినుంచి పేర్చింది.

పరీక్ష పెట్టిన రోజున ఆవిడ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. హెడ్ సిస్టర్ చూస్తుండగా రోబో వరండాలో బుద్ధిగా సాగింది. ఎదురుగా చక్రాల కుర్చీ వచ్చింది. "అడ్డం వస్తే ఆగు" అని పెద్దాయా ముందే పెట్టింది కాబట్టి టక్కున ఆగింది. కుర్చీ వెళ్ళిపోయింది. రోబో మాత్రం అక్కడే నిలబడిపోయింది.

"దారి వదిలారుగా, కదలవేంరా?" అంది పెద్దాయా.

"మీరు ఆగమన్నారు, ఆగింది. అడ్డు పోయాక వెళ్ళమని చెప్పలేదు కదాంటీ" అంది నేర్పే అమ్మాయి మెల్లగా.

"అది కూడా చెప్పాలా! కళ్ళెదుట దారి కనిపిస్తుంటే ఎవరైనా వెళ్తారు."

"మనుషులైతే వెళ్తారు."

పెద్దాయాకు పిల్ల చదువు ఆ వరండాలోనే ఆగిపోయినట్టనిపించి ఏడుపొచ్చింది. "ఒక్కసారి సిస్టర్, మీ పుణ్యముంటుంది" అని బతిమాలింది. హెడ్ సిస్టర్ సరేనంది. పెద్దాయా "అడ్డు తొలగితే కదులు" అని చేర్చింది. ఈసారి ఎవరో చీపురుతో అడ్డం వచ్చారు. అది ఆగింది, వాళ్ళు తప్పుకోగానే కదిలింది, లిఫ్టు దాకా వెళ్ళింది. పొద్దుటి డ్యూటీ ఆవిడదే అయింది.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు ముసలామెను ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి వీపు తుడుస్తోంది. పెద్దాయా చెప్పులైనా విప్పకుండా, "ఇక నువ్వు కాలేజీకి వెళ్ళొచ్చే! సాయంత్రాలు ఇల్లు నేను చూసుకుంటా" అంది.

కూతురు తడిగుడ్డ పిండింది. "ఈ ఏటికి చేర్చుకోవడం పోయిన నెలలోనే అయిపోయిందమ్మా."

"మరి అప్పుడే అడగొచ్చు కదే! నోట్లో నాలుక లేదా?"

"అడిగితే నువ్వు సరే అంటావు. రాత్రంతా అక్కడ, పగలంతా ఇక్కడ నిద్ర లేకుండా చస్తావు. నీ మొహం చూసి ఊరుకున్నా."

పెద్దాయా గడపలోనే కూలబడింది. చెప్పకుండానే ఇంత అర్థం చేసుకున్న పిల్లను చూస్తే ఆవిడకు కోపమొచ్చింది, సిగ్గేసింది.

"వచ్చే ఏడు నేనే తీసుకెళ్ళి చేర్పిస్తా. ఒట్టు."

"అలాగేలే అమ్మా" అంది కూతురు. మందు మింగనని మొరాయించే నాయనమ్మను రోజూ బుజ్జగించేది ఆ గొంతుతోనే.