నాలుగు గూటాల నడుమ పంట

జొన్నచేనుకు కుండలతో నీళ్లు మోసిన మనుషులను మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, నా నెత్తి మీదే మోశాను. సిద్దిపేట నుంచి కుకునూరుపల్లి పోయే దిక్కున మా ఊరు. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ నీళ్లు మమ్మల్ని ఎంతకు తెచ్చాయో ఇన్నేళ్లకు కూడా నేను మరిచిపోలేదు.

అప్పటికి నేను కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో ముగ్గురమే. నేను, మా ఇంటాయన, అత్తమ్మ. మామ నేను రాకముందే పోయాడు. ఉన్నది ఐదెకరాల చెలక. దానికి వానే దిక్కు, పచ్చజొన్న తప్ప వేరేది పండదు. ఆ జొన్నలే మాకు గటక, ఆ జొన్నలే రొట్టె, మళ్లీ ఏటికి విత్తనం కూడా అవే.

సర్కారు అప్పట్లో లెవీ పేరుతో ధాన్యం తీసుకునేది. ఎవరికి ఎంత పండిందో దాన్ని బట్టి ఇయ్యాలి. ఎంత పండిందో ఎవరు చెప్పాలి? పట్వారీ చెప్పాలి. ఆయన గట్టు మీద నిలబడి, గొడుగు కూడా దించకుండా, నిండు పంట పదహారణాలైతే ఇది పది అణాలు, అది ఆరు అణాలు అని నోటితో తేల్చేవాడు. దొర చేను విరగపండినా ఆయన కంటికి నాలుగు అణాలే ఆనేది. మా ఎండిన చేను మాత్రం పచ్చగా కనబడేది. ఏం కళ్లో తల్లీ అవి!

అందుకే పంట కొలవడానికి సర్కారు పంపిన లెక్కల సారు ఊళ్లోకి వచ్చినప్పుడు మాకు ప్రాణం లేచి వచ్చింది. పట్నంలో చదువుకున్న పిల్లవాడు. మీసాలు కూడా సరిగా రాలేదు. ఏ చేను కొలవాలో చిట్టీలు వేస్తే మా చేను వచ్చిందట. అడుగులు లెక్కపెట్టుకుంటూ చేనులోకి నడిచి, లెక్క ఎక్కడ ఆగితే అక్కడ నాలుగు గూటాలు పాతి చుట్టూ తాడు కట్టాడు.

"గీ తాడు లోపట పండింది కోసి, కొట్టి, తూకం ఏస్తం. దాన్ని బట్టే ఊరందరి పంట లెక్క కడ్తం. ఇగ పట్వారీ నోటిమాట నడువది," అన్నాడు.

"గిది న్యాయం సారూ," అని మా ఇంటాయన రెండు చేతులూ జోడించాడు.

ఆ తాడు కోతనాడే కట్టాలట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మనిషి ఒక్కడు, తిరగాల్సిన ఊళ్లు బోలెడు. అందుకని కంకులు పాలు పట్టే వేళకే గూటాలు పాతి, కోతకు వస్తానని చెప్పి బయల్దేరాడు. పోయేవాడు పోక, అత్తమ్మ అడిగిందని ఇంకో ముక్క కూడా చెప్పాడు.

"గీ లెక్క ఏడికి పోతది బిడ్డా?"

"సిద్దిపేట పోతది, పట్నం పోతది, గాడికెళ్లి ఢిల్లీ పోతది. గంతనే గాదవ్వా. దేశదేశాలోళ్లు కూసొని మాట్లాడుకుంటుండ్రు. అందరు ఒక్క తీరుగ కొలిస్తే ఏ దేశంల ఎంత పండిందో తెలుస్తది. కరువున్న కాడికి గింజ పంపొచ్చు. గందుకే మీ చేను శాన ముఖ్యం."

అతను మంచి మనసుతోనే చెప్పాడు. కానీ ఆ మాట అత్తమ్మ చెవిన ఎట్లా పడిందో అతనికేం తెలుసు? అతను పోయిన తర్వాత ఆమె ఆ తాడు పక్కన నిలబడి వాడిపోయిన ఆకులను నిమిరింది. ఆ ఏడు కార్తెకు పడాల్సిన వాన తప్పింది. కంకులు తాలు పోయేటట్టు ఉన్నాయి.

"దేశాలోళ్లు సూస్తరట పిల్లా! పిల్లను సూడొచ్చేటోళ్లకు చినిగిన చీరతోని సూపెడ్తమా? పక్కింటి కమ్మలన్న అడిగి పెట్టమా?" అంది.

మా దిక్కు పెళ్లిచూపులకు వాడంతా సొమ్ములు ఎరువిస్తారు. ఒకరి కమ్మలు, ఒకరి కడియాలు, ఇంకొకరి పట్టుచీర. పిల్ల ఒక్కరిదైనా పరువు అందరిదీ. అత్తమ్మ ఇంటింటికీ పోయి అదే మాట చెప్పింది. "మన ఊరి జొన్నను దేశాలోళ్లు సూస్తరట."

అంతే. మర్నాటి నుంచి అవతలి మోటబావి నుంచి ఆడవాళ్లంతా బిందెలు, కుండలు నెత్తిన పెట్టుకొని మా చెలకకు బారు కట్టారు. మా ఇంటాయన మొదట, "పిచ్చి లేసిందా మీకు?" అని అరిచాడు, తర్వాత తనే కావడి కట్టాడు. ఒకామె ఇంటి పెంట తెచ్చి మొదళ్లలో వేసింది. ఇంకొకామె గూటాలకు పసుపు రాసింది. పిట్ట వాలితే వడిసెలతో రాయి విసరడానికి మనిషిని పెట్టారు. తాడు లోపలి జొన్న నిగనిగలాడింది. తాడు బయటి జొన్న నిలువునా ఎండింది. ఆ తేడా చూసి మాకు భయం వేయలేదు, మురిసిపోయాం! ఏం మనుషులం, మతి ఎక్కడ పెట్టుకున్నామో!

కోతనాడు సారు పొద్దువాలే వేళకు ఆదరాబాదరా వచ్చాడు. చుట్టూ చేను అప్పటికే మేము కోసుకొని కుప్ప పెట్టాం. తాడు లోపలిది మాత్రమే నిలబడి ఉంది. కోయించాడు, కొట్టించాడు, తూకం వేశాడు. "మంచిగ పండిందవ్వా!" అన్నాడు. అత్తమ్మ ముఖం చూడాలి అప్పుడు. తూచిన జొన్నలు మావేనని చిన్న మూట కట్టి తిరిగి ఇచ్చాడు. ఆమె ఆ మూటను మల్లన్న పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది.

కొన్నాళ్లకు డప్పు మోగింది. లెవీ చాటింపు. మా మీద పడ్డ ధాన్యం మా కల్లంలో రాలిన దానికంటే ఎక్కువ! ఉన్నదాంట్లో అడగడం విన్నాం గానీ, లేనిది అడగడం అప్పుడే విన్నాం. మా ఒక్కరికే కాదు, ఊరంతా అట్లాగే పడింది. వాడ వాడంతా మా ఇంటి ముందు నిలబడింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ముగ్గురం బండి కట్టుకొని సిద్దిపేట కచ్చేరికి పోయాం. నేను సిద్దిపేట చూడడం అదే మొదలు. బజారు ఎట్లా ఉందో ఏమీ గుర్తు లేదు. కచ్చేరి అరుగు మీద కాగితాలు సర్దుకుంటున్న ఆ పిల్లవాడి ముఖమే గుర్తుంది.

"తూకం నేనే ఏసిన గద. తప్పెట్లయితది?" అన్నాడు.

"తూకం తప్పు గాదు బిడ్డా," అంది అత్తమ్మ. "గా కంకులకు మేం నీళ్లు పోసినం."

"నీళ్లా? ఏం నీళ్లు?"

"కుండలతోని. ఊరంత మోసినం. దేశాలోళ్లు సూస్తరని నువ్వే గద అంటివి."

అతను లేచి నిలబడ్డాడు. "చేనంత పోసిన్రా?"

"చేనంత పొయ్యనీకి మా తాన ఏమన్న చెరువున్నదా కొడుకా? తాడు లోపట్నే."

చేతిలోని కాగితాలు పట్టుకొని లోపలికి పోయాడు. ఉర్దూలో పెద్ద గొంతు ఒకటి గదమాయించడం వినబడింది. బయటికి వచ్చి మా కళ్లలోకి చూడలేకపోయాడు.

"గది పట్నం పోయిందవ్వా. అన్ని ఊర్ల లెక్కల్ల కలిసిపోయింది. ఇగ అండ్లకెళ్లి మీ ఊరిది తీసుడు నాతోని గాదు, పెద్దసార్లతోని గూడ గాదట."

నాకు ఒళ్లు మండింది. కొత్త కోడలినన్న సంగతి కూడా మరిచిపోయాను. "గీ గింజకు నీళ్లు పోసిన్రని ఒక్క ముక్క రాయరాదా సారూ?" అన్నాను.

"కాగితంల గది రాసేటందుకు గడి లేదక్కా," అన్నాడు.

గడి లేదట! దేశదేశాలు తిరిగే కాగితంలో మా ఊరి నీళ్లకు ఒక్క గడి లేదు. ఆ కాగితంలో ఏముందో అప్పుడు నాకు చదవరాదు. పెద్దదాన్నయ్యాక నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ కోపంతోనే.

రెండు రోజులు కాకముందే లెవీ బండ్లు వచ్చాయి. గుమ్మి అడుగు దాకా ఊడ్చారు. విత్తనపు జొన్నలను పురుగు పట్టకుండా బూడిద కలిపి కాగులో దాచుకుంటాం కదా, అది కూడా బయటికి లాగారు. "అయ్యా, గది ఇత్తనం!" అని మా ఇంటాయన వాళ్ల కాళ్ల మీద పడ్డాడు. వాళ్లు మా చాటే తీసుకొని, మా వాకిట్లోనే, బూడిద చెరిగి పోసి గింజలు గోనెలో నింపుకున్నారు. ఆ బూడిద లేచి మా ముఖాల మీద పడింది. తుడుచుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. విత్తనాన్ని చెరిగి తీసుకుపోయే మనుషులు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు. దేవుడి ముందున్న చిన్న మూటను మాత్రం వాళ్లు ముట్టలేదు.

ఆ ఎండాకాలం సడకు పనిలో కంకర కొట్టి, గంజి తాగి బతికాం. వానలు పడ్డాయి. విత్తనాలకు ఎవరి దగ్గరికి పోవాలి? ఊరంతా మాలాగే ఉంది. సిద్దిపేట షావుకార్లు గింజ లేదని చేతులు ఊపారు. అత్తమ్మ మల్లన్న ముందు నుంచి ఆ మూట విప్పి మా ఇంటాయన చేతిలో పెట్టింది. గూటాలు పాతిన చోటు నుంచి మొదలుపెట్టి, గింజలు ఎంతవరకు వస్తే అంతవరకు విత్తాడు. చెలక నడుమ ఒక ముక్క మొలిచింది. మిగతాదంతా పడావు పడింది.

కంకులు వేసే వేళకు ఆ సారు మళ్లీ వచ్చాడు. ఈసారి చిట్టీ వేరేవాళ్ల చేనుకు పడిందట. తోవలో మా చెలక చూసి ఆగిపోయాడు. చంకలో గూటాలు, భుజాన తాడు.

"గింతనే ఏసిన్రేందవ్వా?" అన్నాడు.

అత్తమ్మ ముందుగా చెంబుతో నీళ్లిచ్చింది. అతను తాగేదాకా ఆగింది. అప్పుడు చెయ్యి చాపి చేను చూపించింది.

"గా నడుమ జొన్నున్న ముక్క నీది బిడ్డా. నువ్వు తూకమేసి ఇచ్చిన గింజలే. గీ చుట్టూత పడావు పడ్డదంత మాది. గీపారి నీ గూటాలు మా దాంట్ల పాతు."